మట్టి కూడు

పోయిన వారం ధర్మలింగాన్ని తిరుత్తణి స్టేషన్లో, గిటారు పెట్టె ఒళ్ళో పెట్టుకుని పళ్ళు నూరుతూ ఉండగా వదిలిపెట్టాం. పళ్ళు నూరడానికి కారణం చిన్నది కాదు. ఆ పొద్దున ఆడికృత్తిక తిరునాళ్ళ కచ్చేరికి రిహార్సలు జరిగింది. ట్రూపు నడిపే నటరాజన్ తన ఫోనులో ఒక కొత్త సినిమా పాట పెట్టి, ఇది ఇప్పుడు ఆంధ్రా పక్క అంతా మోగుతోంది, కొండకు వచ్చే జనం ఇదే అడుగుతారు, నేర్చుకోండి అన్నాడు. ఆ పాట ధర్మలింగం కట్టిన పాట. తన ఇంట్లో, తన గిటారు మీద, తన నోటితో కట్టిన పాట. తన పద్ధతిలోనే రెండు వరసలు వాయించాడు. నటరాజన్ చెయ్యెత్తి ఆపాడు.

"అన్నా, సొంత కల్పన వేండాం. రికార్డులో ఉండేది ఉండేట్లే వాయించు. నీకు వచ్చిందా సరి, లేదంటే కీబోర్డులో గిటారు సౌండు పెట్టి లాగించేస్తాం."

తన పాటను తనే తప్పు వాయించాడట. ఆ పాటకు గిటారు వాయించినవాడి పేరు కూడా నటరాజనే చదివి వినిపించాడు. గోకుల్. ధర్మలింగం సొంత అక్క మునెమ్మ కొడుకు. గిటారు ఎటు పక్క పట్టుకోవాలో ధర్మలింగం దగ్గరే నేర్చుకున్నవాడు.

రైలు వచ్చింది. ధర్మలింగం ఎక్కాడు.

సీటు దొరికినా కూర్చోలేదు. తలుపు దగ్గర గాలికి నిలబడ్డాడు. ఒంట్లో మంట చల్లారుతుందేమోనని కాదు, ఇంకా రాజుకోవాలని. తిరువళ్ళూరు చేరేలోగా ఆ మంట ఎక్కడ ఆరిపోతుందోనని అతనికి భయం. మేనల్లుడి మొహం చూడగానే ఎత్తుకుని తిప్పిన రోజులు గుర్తొస్తే కొట్టడానికి చెయ్యి లేవదు. అందుకని గుర్తు చేసుకోవలసినవన్నీ గుర్తు చేసుకున్నాడు.

మీసం మొలిచీ మొలవని వయసులో కే.జీ.కండిగైలో అయ్య పొలం దున్నమని మడక చేతికిస్తే పారేసి గిటారు పట్టుకున్నాడు. బడి అప్పటికే పారేశాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అతను వాయించినవన్నీ ఇంకొకడి పాటలు. పెళ్ళి వేదిక మీద వాయించాడు, తిరునాళ్ళలో వాయించాడు, పార్టీ మీటింగుకు నాయకుడు ఆలస్యమైతే జనం లేచిపోకుండా వాయించాడు. ఎక్కడికి పోయినా ఒక్కటే మాట. అచ్చు రికార్డు మాదిరే ఉండాల. ఏనాడో మద్రాసులో ఏసీ గదిలో కూర్చుని ఎవడో ఒక గిటారిస్టు వేలు జారి ఒక స్వరం తప్పితే, ఆ తప్పు కూడా తప్పకుండా వాయించాలి. వాయిస్తే, బాగా వాయించినావన్నా, క్యాసెట్ పెట్టినట్టే ఉండాది, అంటారు. అదీ మెచ్చుకోలు. మనిషిని పట్టుకుని నువ్వు మనిషివి కావు, క్యాసెట్టువి అని చెప్పి శాలువా కప్పుతారు. ధర్మలింగం అలాంటి శాలువాలు కప్పించుకుని వంగి దణ్ణం పెట్టినవాడు. వేదిక దిగాక పాడినవాడితో ఫోటో దిగడానికి తొక్కుకుంటారు. గిటారు వాయించినవాణ్ణి మాత్రం, అన్నా కొంచెం పక్కకు జరుగు, ఫోటోలో పడతా ఉండావు, అంటారు.

అట్లాంటి బతుకులో అతనిది అని చెప్పుకోవడానికి ఒకే ఒక పాట.

కరోనా కాలంలో కచ్చేరీలు నిలిచిపోయి గిటారు గోడకు వేలాడింది. నెలల తరబడి దాన్ని ముట్టబుద్ధి కాలేదు. ఒక పొద్దున తీసి చూస్తే, లోపల, తీగల కింది గుండ్రటి రంధ్రంలోంచి కనబడేట్టు, కందిరీగ మట్టితో గూడు కట్టి ఉంది. భార్య చంద్రావతి చీపురుపుల్ల తీసుకుని వచ్చింది. ధర్మలింగం గూడు పడగొట్టనివ్వలేదు. వాయించి చూశాడు. మొత్తం గిటారు గొంతే మారిపోయింది, ముక్కుదిబ్బడ పట్టినట్టు. ఆ మూగ గొంతు మీదే పాట పుట్టింది. మూడో తీగను మాత్రం ఎక్కడా నొక్కకుండా, పాట పొడుగునా ఖాళీగా మోగనిచ్చాడు. రొద చేస్తూ తిరిగే పురుగు లాగా అది మోగుతూనే ఉండాలి.

మట్టి గూడే చాలునంటివి
తీగ కింద దాగి ఉంటివి
రెక్క వస్తే చాలు తల్లీ
ఎక్కడెక్కడ ఎగిరిపోతివి

ఇదీ పల్లవి. దీన్ని అతను ఏ వేదిక మీదా వాయించలేదు. అడిగినవాళ్ళు ఎవరు గనక.

తిరువళ్ళూరులో దిగేసరికి మంట తగ్గలేదు. మంచిదే అనుకున్నాడు.

మునెమ్మ ఇల్లు స్టేషన్ వెనక వీధిలో. గడప తొక్కి రెండేళ్ళయింది. సీజను మధ్యలో, రేపు కచ్చేరి అనగా గోకుల్ ట్రూపు వదిలేసి మద్రాసు స్టూడియోలకు పోయినాడని, ఆ రోజే ఇక ఈ ఇంటి నీళ్ళు తాగనని ధర్మలింగం ఒట్టు పెట్టుకున్నాడు. మునెమ్మ వాకిట్లో చింతపండు ఎండబోస్తోంది. తమ్ముణ్ణి చూసి చెయ్యి తుడుచుకుంటూ లేచింది.

"ఏం రా ధర్మా, దోవ తప్పి వచ్చినావా?"

"నీ కొడుకు యాడ?"

"ఉండాడు లే. రెండేండ్ల తరవాత అక్క వాకిలి తొక్కినోడు, ఎట్లుండావక్కా అని కూడా అడగవా? నేను చచ్చింటే ఎట్ల వచ్చుందువో అట్లనే ఉండాది నీ మొగం."

"అక్కా, నీతో నాకు పేచీ లేదు. వాణ్ణి పిలువు."

పిలవనక్కర లేకపోయింది. మామ గొంతు విని గోకుల్ లోపలి నుంచి వచ్చాడు. పాతికేళ్ళ కుర్రవాడు, మెడ మీద ఇంకా హెడ్‌ఫోను వేలాడుతోంది. మొహంలో భయం లేదు. సంతోషం ఉంది. ఆ సంతోషం చూసి ధర్మలింగానికి ఒళ్ళు మండింది.

"మామా, వచ్చినావా. నేనే రావాలనుకుంటా ఉంటిని."

"ఎందుకు? దొంగిలించింది చాలక ఇంకేమైనా మిగిలుందేమో చూసి పోదామనా?"

గోకుల్ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని తీసెయ్యడం మరిచిపోయినట్టు.

ధర్మలింగం వాణ్ణి తోసుకుని గదిలోకి పోయాడు. మంచం మీద గోకుల్ గిటారు ఉంది. మెరిసిపోతోంది. ఎక్కడో పై దేశంలో తయారైన వస్తువు అని చూస్తేనే తెలుస్తోంది. ధర్మలింగం తన పెట్టె తెరిచాడు. గిటారిస్టు పెట్టెలో మిగులు తీగలతో పాటు ఒక కటింగ్ ప్లయరు ఎప్పుడూ ఉంటుంది, బిగించాక మిగిలిన తీగ కొసలు కత్తిరించడానికి. దాన్ని తీశాడు. మంచం మీద కూర్చుని మేనల్లుడి గిటారును ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఒక్కో మాట అడగతా. ఒక్కో మాటకీ జవాబు చెప్పాల. ఆ పాట ఎవురిది?"

"నీది మామా."

"నీకు తెలుసు గదా."

"తెలవకేం."

టప్పున మొదటి తీగ తెగింది. తెగిన కొస గాల్లో మెలి తిరిగి ధర్మలింగం చేతి మీద గీరింది. సన్నగా రక్తం చిమ్మింది. మునెమ్మ గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తెలిసీ వాయించినావు."

"వాయించినా."

రెండో తీగ తెగింది.

"తెలిసీ వాయించి, కింద నీ పేరు వేయించుకున్నావు. పాట కట్టినోడి పేరు అని ఎవుడిదో పేరు వేస్తే ఊరుకున్నావు. మాటలు రాసినోడని ఇంకెవుడిదో పేరు వేస్తే దానికీ ఊరుకున్నావు. మామ యాడో పల్లెలో పెండ్లిండ్లకు వాయించుకునే ముసలోడు, వానికి ఏం తెలస్తుందిలే అనుకున్నావు."

"రే ధర్మా, అది వాడు నోరు కట్టుకుని కొనుక్కున్న గిటారు రా," అంది మునెమ్మ. "తీగలు తెంపితే పాట తిరిగొస్తుందా?"

"సుమ్మా ఉండక్కా. తీగ కాదు, ఏలు తెంపాల్సింది."

అన్న తరవాత ధర్మలింగానికే ఆ మాట చేదుగా తగిలింది. గిటారిస్టు ఇంకో గిటారిస్టును అనకూడని మాట అది. కానీ వెనక్కి తీసుకోలేదు.

గోకుల్ తన గిటారు లాక్కోలేదు. వచ్చి మామ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు, చిన్నప్పుడు పాఠానికి కూర్చున్నట్టే.

"తక్కినవి కూడా తెంపెయ్ మామా. కొత్తవి వేసుకుంటా. కానీ ఒక్క మాట విను. స్టూడియోకు రమ్మని పిలిస్తే పోయినా. హెడ్‌ఫోను పెట్టుకుంటే వినిపిస్తా ఉండేది నీ పాట. అప్పటికే పాడేసినారు, గిటారు ఒకటే బాకీ. నాకు ఒళ్ళు జలదరించింది. మా మామ పాట సినిమాకు వచ్చేసిందిరా అనుకుంటిని. నువ్వే ఇచ్చుంటావు అనుకుంటిని. నాకు చెప్పలేదంటే, సరే, నా మీద కోపం ఇంకా పోలేదు గదా, అందుకే చెప్పలేదు అనుకుంటిని. ఆ మూడో తీగ ఉండాది చూడు, దాన్ని మూసెయ్, రొదగా ఉండాది అన్నారు వాళ్ళు. నేను ఒప్పుకోలే. ఆ తీగ మోగకపోతే అది పాటే కాదన్నా. మొత్తం నీ పద్ధతిలోనే వాయించినా. నువ్వు విని, మేనల్లుడు చెడిపోలేదు అనుకుంటావని."

"పేర్లు చూసినాక?"

"పేర్లు మొన్ననే కదా వచ్చినాయి. చూసినాక ఫోను చేద్దామని మూడు నాలుగు తూర్లు ఫోను చేతికి తీసుకున్నా. నా ఫోను నువ్వు ఎత్తవు గదా."

అదీ నిజమే. ఎత్తడు. నిజం మాటలకు కోపం తగ్గాలి. ధర్మలింగానికి ఇంకా పెరిగింది. ఇంత దూరం మోసుకొచ్చిన మంటను ఎవరి మీద పొయ్యాలి?

"అబద్దాలు బాగా నేర్పినారే మద్రాసులో," అన్నాడు. "నువ్వు చెప్పకపోతే వాళ్ళకు ఎట్ల తెలిసింది? ఈ పాట తెలిసినోళ్ళు ఎంతమంది? నేను, నువ్వు, ఇంట్లో ఆడోళ్ళు. గాల్లో కొట్టుకుపోయిందా?"

"పాట ఒకసారి సరిగ్గా విను మామా. నటరాజన్ ఫోనులోనే విని ఉంటావు, అది రేకు డబ్బా మాదిరి ఉంటుంది. దీంట్లో విను."

మెడలోంచి హెడ్‌ఫోను తీసి ఇచ్చాడు. ధర్మలింగం పెట్టుకోలేదు. గోకులే లేచి, పిల్లవాడికి టోపీ పెట్టినట్టు మామ చెవులకు పెట్టాడు.

పాట మొదలైంది. ముందు గిటారు. ధర్మలింగం కళ్ళు మూసుకున్నాడు. అతని వేళ్ళే ఎక్కడో దూరంగా తన ప్రమేయం లేకుండా వాయిస్తున్నట్టు ఉంది. మూడో తీగ రొద పెడుతూనే ఉంది. బాగుంది. ఆ బాగుండడమే భరించలేకపోయాడు. ఇంతలో పాడేవాడి గొంతు వచ్చింది.

మట్టి కూడే చాలునంటివి.

ధర్మలింగం కళ్ళు తెరిచాడు.

"ఏమన్నాడు వాడు?"

"విన్నావు గదా."

"ఇంకోసారి పెట్టు."

పెట్టాడు. మట్టి కూడే చాలునంటివి. తేనె పూసిన గొంతుతో, గుండె కరిగేటట్టు, మట్టితో వండిన అన్నమే చాలన్నావు అని పాడుతున్నాడు ఆ మహానుభావుడు.

"ఆంధ్రాలో దాన్ని మెచ్చుకుంటా ఉండారు మామా," అన్నాడు గోకుల్, నవ్వాలో వద్దో తెలియక. "పేదోళ్ళ ఆకలి గురించి రాసినారంట. పెద్ద కవిత్వమంట."

ధర్మలింగం నవ్వాడు. ఆ నవ్వు విని మునెమ్మ భయపడి లోపలికి ఒక అడుగు వేసింది.

"సరిగానే పాడినాడక్కా వాడు. నా కూట్లో మట్టి కొట్టినారు గదా, అదే పాడినాడు. తప్పేముండాది దాంట్లో?"

"నేను అక్కడే చెప్పినా మామా," అన్నాడు గోకుల్. "ఇంకొక పాటకు ఆ పాడే ఆయన వచ్చుండాడు, పట్టుకుని చెప్పినా. సార్, అది కూడు కాదు, గూడు. మళ్ళీ పాడండి అని. ఆయన తమిళాయన. స్టాండు మీద పెట్టుకుని పాడింది తమిళ అక్షరాల్లో రాసిందంట. 'కూడు దానే తంబీ, కూడంటే పిట్టలుండేది, నీకు మీ తెలుగే తెలియదా' అని నన్నే తిట్టినాడు."

ధర్మలింగం చేతిలో ప్లయరు అలాగే ఆగిపోయింది.

ఆ పక్క ఊళ్ళలో పుట్టిన ఎవరికైనా ఇది విడమరిచి చెప్పనక్కర లేదు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు మాట కాగితం మీద పెట్టాలంటే తమిళ అక్షరమే గతి. తమిళంలో కకూ గకూ ఒకటే అక్షరం. గూడు రాసినా, కూడు రాసినా కాగితం మీద ఒకే రూపం. పైగా తమిళ మనిషికి కూడు అంటేనే పిట్ట గూడు. చదివినవాడు తప్పు చదవలేదు. తన భాషలో సరిగ్గానే చదివాడు.

"నేను నగరిలో మా జేజి దగ్గర తెలుగు బళ్ళో చదువుకున్నోణ్ణి మామా," అన్నాడు గోకుల్ మెల్లగా. "నేను రాసిచ్చుంటే తెలుగులో రాసిస్తా. నోటితో పాడి చెప్పుంటే గూడు అనే చెప్తా. నా చేతి నుంచి పోయుంటే ఈ తప్పు రాదు. నీకు తెలుసు గదా."

ధర్మలింగం అక్కడ లేడు.

కరోనా నాటి తిరుత్తణిలో, తన ఇంట్లో ఉన్నాడు. పొద్దున. వాకిట్లో పట్టె మంచం. గిటారులో గూడు ఇంకా ఉంది. అతనికి తన పేరు తప్ప రాయడం రాదు. పాట ఎక్కడ మరిచిపోతాడోనని ఒక్కో మాటా కూతురికి చెప్పి రాయించాడు. ఆ పిల్ల అరికాళ్ళు పైకెత్తుకుని, మంచం మీద బోర్లా పడుకుని రాస్తోంది. రాసి, పెన్ను కొస కొరుకుతూ నవ్వింది.

"నాయనా, గూడు అని రాసినా, కూడు అని రాసినా రెండిటికీ ఒకే అక్షరమే తెలుసునా?"

"చదివేటోడు తప్పు చదవతాడేమో మ్మే."

"ఎవురు చదవతారు? నువ్వూ నేనూనే గదా. మనకు తెలుసు గదా ఏదో."

సింధూర. ఒక్కగానొక్క కూతురు. ఆ కాగితం ఆమె దగ్గరే ఉండిపోయింది. గుమ్మిడిపూండిలో ఏదో కంపెనీలో పని, అక్కడే ఆడపిల్లల హాస్టల్లో ఉంటుంది, ఆదివారం వస్తుంది. వచ్చినప్పుడల్లా, మిషన్ల సత్తానికి చెవులు పోతున్నాయి నాయనా, గిటారు వాయించు, అంటుంది. పోయిన ఆదివారం కూడా అంది. అతను వాయించాడు. ఇదే పాట. ఆమె గోడకు ఆనుకుని, తల వంచుకుని విన్నది. అలసిపోయిందేమో అనుకున్నాడు.

"ఏమైంది మామా? నీళ్ళు తాగుతావా?"

"ఫోను," అన్నాడు ధర్మలింగం.

అతని ఫోను అతని చొక్కా జేబులోనే ఉంది. అది గోకులే తీసి చేతిలో పెట్టాడు. పేరు కూడా అడగలేదు. మామ మొహం చూసి వాడికి తెలిసిపోయింది. తల దించుకున్నాడు.

ఫోను చాలాసేపు మోగింది. ఎత్తకపోతే బాగుండునని ధర్మలింగం మనసులో ఒక మూల అనుకున్నాడు. ఎత్తింది.

"నాయనా, చెప్పు నాయనా."

"యాడుండావు మ్మే?"

"కంపెనీలో. ఈ టైములో ఇంకెక్కడ ఉంటా. షిఫ్టులో ఉండా, సూపర్‌వైజరు చూస్తే తిడతాడు. ఏంది నాయనా, అమ్మకు బాగుండాదా?"

"బాగుండాది. మిషన్ల సత్తం వినపడలేదే."

చిన్న ఆగుడు. గిటారు వాయించేవాడికి తప్ప ఇంకొకడికి తెలియనంత చిన్నది.

"టీ టైము నాయనా. ఆపేసినారు."

మిషన్లు ఆపేసినారు. నిజమే, అవతల చాలా నిశ్శబ్దంగా ఉంది. గోడలు కూడా గొంతును మింగేసే నిశ్శబ్దం, మెత్త గోడల స్టూడియో గదుల్లోనే ఉండేది. ధర్మలింగం ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. తెగిన తీగ గీసిన చోట చేతి మీద రక్తం ఎండుకుపోయి చురుక్కుమంటోంది. ఆ నిశ్శబ్దం వెనక, కూతురి ఊపిరి వెనక, టింగుమని ఒక చప్పుడు. ఇంకోసారి. మరలు తిప్పి ఎవరో తీగ శ్రుతి ఎక్కిస్తున్నారు. ఇంకోసారి టింగుమంది.

అరిచి ఇల్లు ఎగరగొట్టగలిగిన కోపం అతని గొంతు దాకా వచ్చింది. బయటికి వచ్చిన గొంతు మాత్రం పాఠం చెప్పే మాస్టారు గొంతులాగా నిదానంగా వచ్చింది.

"సింధూరా."

"ఆ, నాయనా."

"నీ పక్కన గిటారు పట్టుకున్నాయనకు చెప్పు. మొదటి తీగ ఇంకా దిగే ఉండాది. కొంచెం ఎక్కించమను."

అవతల తీగ మోగడం ఆగిపోయింది. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.